2003 పుష్కరాలప్పుడు నాకు నేనే రాసుకున్న ఉత్తరం దొరికింది, ఫైలు తెరుచుకుంటోంది గానీ చదవలేకపోతున్నా

గోదారి_గట్టు

అందరికీ నమస్కారమండి. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

2003 గోదావరి పుష్కరాలప్పుడు నేను రాజమండ్రిలో, కోటిపల్లి బస్టాండుకి దగ్గర్లో ఒక డీటీపీ సెంటర్లో (కంప్యూటర్లో మేటర్ కొట్టి అచ్చుకి సిద్ధం చేసే షాపు) ఆపరేటర్‌ని. మామూలు రోజుల్లో శుభలేఖలు, బిల్లు బుక్కులు, దినం కార్డులు. పుష్కరాల ముందు నెల మాత్రం నిద్ర లేదు. సత్రాల బోర్డులు, సంకల్పం మంత్రాల చిన్న పుస్తకాలు, పూజ సామాన్ల రేట్ల పట్టీలు, అన్నదానం కూపన్లు, అన్నీ "రేపు పొద్దున్నకి కావాలి" అనే పనులే. అలాంటి ఒక రాత్రి, ప్రింటు చల్లారే లోపు ఖాళీ దొరికితే, నాకు నేనే ఒక ఉత్తరం టైపు చేసుకున్నా. గురుడు మళ్లీ సింహరాశిలోకి వచ్చినప్పుడు, అంటే 2015లో, తెరిచి చదువుకోవాలని ప్లాను. సీడీ మీద రాసి ఇంట్లో పడేశా.

2015 పుష్కరాలప్పటికి హైదరాబాదులో వేరే ఉద్యోగం, పిల్లల స్కూలు, ఆ ఉత్తరం ఊసే గుర్తు లేదు. ఇప్పుడు అమ్మావాళ్ల ఇల్లు బాగు చేయిస్తూ అటక దింపితే, పాత శుభలేఖల శాంపిళ్ల కింద ఆ సీడీ. మీద మార్కర్‌తో నా రాతే, "నాకు, వచ్చే పుష్కరాలకి" అని.

లోపల రెండు ఫైళ్లున్నాయి. ఒకటి వర్డ్ ఫైలు, ఇంకొకటి పేజ్‌మేకర్, అంటే అప్పట్లో పేజీలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌ది. పేజ్‌మేకర్‌ది అసలు తెరుచుకోదు. వర్డ్ ఫైలు తెరుచుకుంది గానీ అంతా చెత్త, నెత్తిన చుక్కలున్న ఇంగ్లిష్ అక్షరాలు, యూరో గుర్తులు, బ్రాకెట్లు. అంకెలు మాత్రం అంకెల్లాగే ఉన్నాయి. 2003 ఉంది, 2015 ఉంది, 1800 ఉంది (అప్పటి నా జీతం అదే), 40,000 ఉంది, రెండుతో మొదలయ్యే ఒక ల్యాండ్‌లైన్ నంబరు ఉంది. నిన్న రాత్రి ఒంటిగంట దాకా ఆ అంకెలు పట్టుకుని మిగతాది ఊహించుకుంటూ కూర్చున్నా. రాసింది నేను, టైపు చేసింది నేను, చదవడం మాత్రం రావట్లేదు. ఇంత విచిత్రం ఎక్కడైనా ఉందా?

దీన్ని మామూలు తెలుగులోకి తెచ్చే మార్గం చెప్పండి. ఆన్‌లైన్లో కన్వర్టర్లు ఉన్నాయంటున్నారు, వాటిని నమ్మొచ్చా? మా ఆవిడేమో "ఎలాగూ 2015 దాటిపోయింది, 2027 పుష్కరాలు వస్తున్నాయి కదా, అప్పటిదాకా ఆగండి, ముహూర్తం కుదురుతుంది" అంటోంది. ఆవిడ నవ్వుతూనే అన్నది గానీ, నాకూ చదవాలంటే కొంచెం టెన్షన్‌గానే ఉంది.

అక్షరాల_మేస్త్రి

ముందు సీడీ సంగతి చూడండి. ఇరవై ఏళ్లు దాటిన రాసే సీడీ అంటే అదృష్టం మీద బతుకుతున్నట్టే లెక్క, లోపలి రంగు పొర నెమ్మదిగా పాడవుతుంది, ఒకరోజు చదివిన డ్రైవు ఇంకోరోజు చదవదు. రెండు ఫైళ్లూ కంప్యూటర్లోకి తీసుకుని, వాటికి ఇంకో కాపీ పెట్టి, పనంతా కాపీ మీద చేయండి. ఆ వర్డ్ ఫైల్లో పొరపాటున కూడా సేవ్ నొక్కకండి. "ఫార్మాట్ మార్చమంటారా" అని అడిగితే వద్దనండి.

మీ ఉత్తరం పాడవలేదు. మీరు విండోస్ 98లో చేసి ఉంటారు, అందులో తెలుగే లేదు. తెలుగు విండోస్‌లోకి వచ్చింది ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. యూనికోడ్‌లో, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే ఇప్పటి పద్ధతిలో, తెలుగుకి చోటు 1991లోనే ఉంది, కానీ మన డీటీపీ సెంటర్లకి దాంతో పని పడలేదు. అందరూ అను స్క్రిప్ట్ మేనేజర్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని పేజ్‌మేకర్లో కొట్టేవాళ్లే. ఆ పద్ధతిలో కంప్యూటర్‌కి "క" అనే అక్షరం తెలీదు. ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ ఉండే 256 గళ్లలోనే తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, వత్తులు ఒక చోట, ఇలా బొమ్మ ముక్కలు సర్దారు. ఫైల్లో ఉన్నది ఆ గళ్ల నంబర్లే. ఫాంటు ఉంటే ముక్కలన్నీ అతుక్కుని తెలుగులా కనబడతాయి, ఫాంటు లేకపోతే ఆ గళ్ల అసలు యజమానులు, అంటే మీరు చూసిన చుక్కల అక్షరాలు, బయటికొస్తాయి. అంకెల్ని కదపలేదు కాబట్టి అవి బతికిపోయాయి.

అందుకని కన్వర్టర్ గురించి తర్వాత, ముందు ఫాంటు. ఫైలు లిబ్రే ఆఫీసులో (వర్డ్ లాంటిదే, ఉచితం) తెరిచి, చెత్త మీద కర్సర్ పెట్టి, పైన ఫాంటు పేరు చూడండి. అనుపమ, ప్రియాంక, ఇలాంటి పేరేదో ఉంటుంది, మీకే నాకంటే బాగా తెలుసు. అదే ఫాంటు ఇప్పటికీ నడుపుతున్న డీటీపీ మిత్రుడు ఒక్కడు దొరికితే చాలు, వాళ్ల కంప్యూటర్లో తెరవగానే ఉత్తరం ఉత్తరంలా కనబడుతుంది. వెంటనే పీడీఎఫ్ చేసుకోండి. పీడీఎఫ్‌లోకి ఫాంటు కూడా వెళ్లిపోతుంది కాబట్టి ఇక దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

యూనికోడ్ చేయడం ఆ తర్వాతి మెట్టు. కన్వర్టర్లు బాగానే పనిచేస్తాయి గానీ మీది అను 6 కాలందా, 7 కాలందా అన్నది సరిగ్గా ఎంచుకోకపోతే చెత్త పోయి ఇంకోరకం చెత్త వస్తుంది. వచ్చాక కూడా పీడీఎఫ్ పక్కన పెట్టుకుని సరిచూసుకోవాలి, ముఖ్యంగా ర వత్తు. ప్రేమ, క్రితం, చంద్రుడు లాంటి మాటల దగ్గర తేడా కొడుతుంది. ఇంకొకటి, ఊరూ పేరూ తెలియని సైట్లో మీ సొంత ఉత్తరం మొత్తం అతికించడం నాకు నచ్చదు. అందులో ఏముందో మీకే తెలియదాయె. డౌన్‌లోడ్ చేసుకుని నెట్ ఆపేసి వాడగలిగేవి ఉన్నాయి, అవి చూడండి.

పేజ్‌మేకర్‌కి 2001లో వచ్చిన 7 తర్వాత వెర్షనే లేదు. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్‌లో ఇప్పటి వెర్షన్ ఆ ఫైళ్లని తెరవదు, పాత సీఎస్ 6 వెర్షన్ తెరుస్తుంది. దానికీ ఆ మిత్రుడే దిక్కు.

హూస్టన్_పంతులు

మేస్త్రి గారు చెప్పినదానికి నాదొక తోక.

1996లో ఇక్కడికి, అమెరికాలో హూస్టన్‌కి, కొత్తగా వచ్చినప్పుడు నేనూ ఇలాంటిదే రాసుకున్నా, అయితే ఆర్‌టీఎస్‌లో. ఈతరం వాళ్లకి తెలియదు గానీ, మా ఊళ్లోనే ఉన్న రైస్ యూనివర్సిటీలో తెలుగు విద్యార్థులు చేసిన పద్ధతి అది, తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. యూజ్‌నెట్ అని అప్పటి ఇంటర్నెట్ చర్చావేదిక, దాని తెలుగు గ్రూపులో పద్యాలూ తిట్లూ వంటలూ అన్నీ అందులోనే నడిచేవి. చూడ్డానికి ఏమాత్రం అందంగా ఉండదు, మా నాన్నగారు ఒకసారి చూసి "ఇదేం భాషరా" అన్నారు. కానీ అది ఉత్తి టెక్స్ట్ ఫైలు. ఎన్ని కంప్యూటర్లు మారినా తెరుచుకుంటూనే ఉంది. ఈమధ్య దాన్ని తీసి, ఇంగ్లిష్ అక్షరాల్ని తెలుగులోకి మార్చే లేఖినిలో పడేస్తే, అదీ దాదాపు ఆ పద్ధతిలోనే పనిచేస్తుంది కాబట్టి, ఒకటీ అరా తప్ప మొత్తం తెలుగై కూర్చుంది.

అందులో ఏముందంటారా? రెండేళ్లలో వెనక్కి వచ్చేస్తానని గట్టిగా రాసుకున్నా. అది వదిలేయండి, ఇక్కడ సగం మంది దగ్గర అదే ఉత్తరం ఉంటుంది. నాకు బాగా నచ్చింది చివర్లో ఉన్న సామాన్ల జాబితా. ఇంటికెళ్లేవాళ్ల చేత తెప్పించుకోవాల్సినవి, ఇంగువ, అప్పడాలు, అన్నవరం సత్యనారాయణస్వామి పటం, ఒక ప్రెషర్ కుక్కర్ రబ్బరు. రబ్బరు సైజు కూడా రాసుకున్నాను చూడండి! నేను ఆ రోజుల్లో ఎలా బతికానో ఆ జాబితా చెప్పినంతగా పై పేజీన్నర చెప్పలేదు.

2027 దాకా ఆగడం మాత్రం వద్దండి. మీ సీడీ ఆగదు.

నిర్మొహమాటం

నేను వేరేగా చెప్తా, కోపగించుకోకండి. డిగ్రీలో ఉండగా నాకు నేను రాసుకున్న కాగితం ఒకటి దొరికితే చదివి చింపేశా. పాతికేళ్ల కుర్రాడికి మన జీవితం గురించి ఏం తెలుసు? సివిల్స్ కొట్టావా, కారు కొన్నావా, ఫలానా అమ్మాయితో మాట్లాడావా అని వాడు ఇన్‌స్పెక్టర్‌లా ప్రశ్నలేస్తే మనం చేతులు కట్టుకుని జవాబు చెప్పాలా? చదవండి, నవ్వుకోండి, అంతే. అప్పుడు రాసుకున్నవి జరగలేదని ఇప్పుడు కుమిలిపోయేవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని చూశాను, అందుకే ఈ మాట.

సన్నజాజి

నిర్మొహమాటం బాబూ, అన్ని ఉత్తరాలూ అలాంటివే ఉండవు నాయనా. నాదొకటి చెప్తాను వినండి.

మాది కోనసీమ, లంక గ్రామం. 1986 ఆగస్టులో గోదావరి ఎలా వచ్చిందో మీలో పెద్దవాళ్లకి తెలుసు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మేం మూడు రాత్రులు డాబా ఉన్నవాళ్లింటి మీద గడిపాం. నీళ్లు తీశాక ఇల్లు కడుక్కుంటూనే పద్దు పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను. పైన శ్రీరామ అని పెట్టి, కింద "వచ్చే వరదకి" అని. పశువుల పలుపులు ముందే విప్పెయ్యాలి, ఆఖర్న విప్పుదామనుకోకు. బియ్యం అటకెక్కించేటప్పుడు అగ్గిపెట్టె కూడా ఎక్కించు, మొన్న బియ్యం ఉన్నాయి గానీ నిప్పు లేదు. చంటిపిల్ల బట్టలు మూట కట్టి ఉంచు. పొలం కాగితాలు ట్రంకుపెట్టెలో అడుగున కాదు, పైన. మా అత్తగారు పడవ ఎక్కనంటారు, ఆవిడకి ముందే నచ్చజెప్పు. ఇలా ఒక పేజీ.

ఆ తర్వాత వరదలు వచ్చినప్పుడల్లా ఆ పేజీ తీసి చదువుకునేవాళ్లం. మా అత్తగారు పోయాక కూడా చాలా ఏళ్లకి మా కోడలు దాన్ని చదివి పడీపడీ నవ్వింది, "మామ్మగారికి నచ్చజెప్పడానికి ఒక లైనా" అని. ఈ ఉత్తరంలో కలలూ ఆశయాలూ ఏమీ లేవు, చంటిపిల్ల ఉంది, అగ్గిపెట్టె ఉంది.

ఇంకో సంగతి. అది పెన్సిల్‌తో రాశాను, చేతికి అదే దొరికింది. తర్వాత ఒకసారి పుస్తకం తడిస్తే ఇంకు పెన్నుతో రాసిన పాల లెక్కలన్నీ నీలం మరకలైపోయాయి, ఈ పేజీ మాత్రం అక్షరం చెదరలేదు. కాగితాలు దాచుకునేవాళ్లు దయచేసి లామినేషన్ చేయించకండి. ఆ వేడికి కొంత పాడవుతుంది, చేశాక మళ్లీ ఊడదీయలేం. చిరిగినచోట సెల్లో టేపు కూడా వద్దు, కొన్నేళ్లకి టేపు ఊడిపోయి పసుపు జిగురు మరక మిగులుతుంది. ముందు ఫోటో తీసుకుని, కాగితాన్ని ఎండ తగలని చోట పెట్టండి. కలరా ఉండలు కాగితం మీదే వేయకండి, పెట్టెలో ఒక మూల వేస్తే చాలు.

ధర్మపురి_పోరడు

అమ్మా, మీ లిస్టు చదివి ఒళ్లు జలదరించింది. మాది గోదావరికి ఇటు ఒడ్డు. 2003లో పుష్కరాలకి ధర్మపురిలో వాలంటీరుగా చేసిన, అప్పుడు నేను కూడా ఆఫీసు కంప్యూటర్ మీద ఒక పేజీ కొట్టుకున్న, ఫ్లాపీలో ఉన్నది. ఇది చూశాక బయటికి తీసిన. ఫ్లాపీకి తెల్లగా బూజు లాంటిది పట్టింది. ఏం చేయాలె?

అక్షరాల_మేస్త్రి

@ధర్మపురి_పోరడు, బూజు ఉన్న ఫ్లాపీని డ్రైవులో పెట్టకండి. లోపలి నల్ల పళ్లెం మీద కూడా బూజు ఉంటే డ్రైవు తల దాన్ని గీకేస్తుంది, తలకీ అంటుకుంటుంది, తర్వాత పెట్టిన ఫ్లాపీలన్నీ గోవిందా. పైనున్న లోహపు మూతని వేలితో పక్కకి జరిపి చూడండి. పళ్లెం నల్లగా, శుభ్రంగా ఉంటే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు కొని ప్రయత్నించొచ్చు, ఇప్పటికీ దొరుకుతున్నాయి. మచ్చలుంటే డేటా రికవరీ వాళ్లకి చూపించండి, మీరు చేయి పెట్టకండి.

గోదారి_గట్టు

అందరికీ దండాలండి. చదివేశాను. 2027 దాకా ఆగడం నావల్ల కాలేదు.

మేస్త్రి గారు చెప్పినట్టే ఫాంటు పేరు చూసి, తాడేపల్లిగూడెంలో ఇంకా సెంటరు నడుపుతున్న పాత స్నేహితుడికి ఫైళ్లు పట్టుకెళ్లా. వాడి దగ్గర పాత సిస్టమ్ ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది, పాత శుభలేఖల మేటర్ కోసం ఉంచాడట. తెరిచాడు, పీడీఎఫ్ చేశాడు, "నేను చదవలేదురా" అన్నాడు. నవ్వు ఆపుకుంటూ అన్నాడు కాబట్టి నేను నమ్మలేదు.

పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే తెలిసింది, అదే ఉత్తరాన్ని ముస్తాబు చేసి పెట్టుకున్నా. పైన వినాయకుడు, చుట్టూ మామిడాకుల బోర్డరు, కింద మూలల్లో సన్నాయి, డోలు. నాకు నేనే శుభలేఖ వేసుకున్నానండి! ఇంకో బోర్డరు దొరకలేదో, ఆ నిద్రమత్తులో చేతికి అదే వచ్చిందో.

మొదటి పేజీ అంతా నిర్మొహమాటం గారు చెప్పిన ఇన్‌స్పెక్టరే. సొంత సెంటరు పెట్టావా, ఇంగ్లిష్ వచ్చిందా, మాడ్యులర్ వదిలేసి ఆపిల్ కీబోర్డు నేర్చుకున్నావా (రెండూ అనులో తెలుగు కొట్టే కీబోర్డు పద్ధతులు, స్పీడు రెండోదానికే ఎక్కువని ఎవరో చెప్పి ఉంటారు). 40,000 అంటే చెల్లి పెళ్లికి చేసిన అప్పు. ల్యాండ్‌లైన్ నంబరు చూసి ఏదేదో ఊహించుకున్నాను గానీ, అది ఎదురింటి వాళ్లది, మా పీపీ నంబరు, అంటే మాకు ఫోన్లొస్తే వాళ్లు పిలిచేవాళ్లు. "2015కైనా ఇంట్లో ఫోను పెట్టించావా, ఇంకా వాళ్ల అరుగు మీద నిలబడే మాట్లాడుతున్నావా" అని రాశాను. ఇప్పుడు ఇంట్లో నలుగురికి ఐదు ఫోన్లు.

రెండో పేజీ వేరు. ఆ రాత్రి ఏం జరుగుతోందో ఊరికే రాసుకుంటూ పోయా. దేవీచౌక్ నుంచి గట్టు దాకా రోడ్డు మీదే జనం పడుకున్నారని, పడుకున్నవాళ్ల మధ్యలోంచి సైకిలు నడిపించుకుంటూ వచ్చానని, ఒక ముసలాయన షాపులోకొచ్చి తమ ఊరి వాళ్లు తప్పిపోయారని చెబితే మా ఓనరు డబ్బులు తీసుకోకుండా అట్టముక్క మీద పెద్దక్షరాలతో పేరు ప్రింటు తీయించి ఇచ్చారని. రాత్రి పదకొండుకి ఓనరు గారి భార్య స్టీలు క్యాను నిండా మజ్జిగ పంపించిందని, అందులో అల్లం ఎక్కువైందని. ఇందులో ఒక్కటి కూడా నాకు గుర్తు లేదండి. ఆ ముసలాయన సంగతి ఎంత తన్నుకున్నా గుర్తు రావట్లేదు. నేను చదువుతుంటే మా అమ్మ పక్కనుంచి "ఆవిడ మజ్జిగలో ఎప్పుడూ అల్లం ఎక్కువే" అంది. ఆవిడకి గుర్తుంది!

మా ఆవిడ మొదటి పేజీ చదివి పక్కన పెట్టేసింది, రెండో పేజీ మాత్రం మా అబ్బాయి చేత పైకి చదివించింది. ఇప్పుడేమో 2027 పుష్కరాలకి వెళ్లినప్పుడు ఇంకొకటి రాయమంటోంది, ఆ తర్వాతి పుష్కరానికి. ఈసారి ఎందులో రాసి ఎక్కడ పెట్టాలి?

హూస్టన్_పంతులు

యూనికోడ్‌లో, ఉత్తి టెక్స్ట్ ఫైలుగా ఒకటి, పీడీఎఫ్ ఒకటి. మీ మెయిల్లో ఒక కాపీ పెట్టుకోండి గానీ దాన్నే నమ్ముకోకండి. యాహూ గ్రూపులు 2020లో మూసేశారు, ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్ 2014లో పోయింది, వాటిలో రాసుకున్నవి ముందుగా దించుకోనివాళ్లకి ఏమీ మిగల్లేదు. అన్నిటికంటే ముందు మంచి కాగితం మీద ఒక ప్రింటు తీసి పెట్టండి. ప్రింటుకి వెర్షన్లు ఉండవు.

రాయడం మాత్రం రెండో పేజీతోనే మొదలుపెట్టండి. మొదటి పేజీ అసలు రాయకండి.

సన్నజాజి

మీ అమ్మగారి చేత కూడా ఒక పేజీ రాయించు బాబూ. ఆవిడ రాయలేనంటే చెప్పమని నువ్వు రాసుకో. ఆ మజ్జిగ గుర్తున్నది ఆవిడకే కదా. పెన్సిలు మర్చిపోకు.

నిర్మొహమాటం

సరే, నేను చింపేసిన దాంట్లో రెండో పేజీ ఉందో లేదో ఇప్పుడు అనుమానం పెట్టారు. ఉండి ఉండదు లెండి. నేను అంత వివరంగా రాసే రకం కాదు.

ధర్మపురి_పోరడు

@అక్షరాల_మేస్త్రి అన్నా, మూత జరిపి చూసిన, పళ్లెం శుభ్రంగనే ఉన్నది. యూఎస్‌బీ డ్రైవు ఆర్డరు పెట్టిన. ఫైలు వస్తే మీకు పంపాల్నా?

అక్షరాల_మేస్త్రి

నాకు ఫైలు పంపకండి తమ్ముడూ, అది మీ సొంతం. డ్రైవు రాగానే ముందుగా ఫ్లాపీ మూలనున్న చిన్న గడి తెరిచి ఉంచండి, అప్పుడు దాని మీద ఏదీ రాయడం కుదరదు, చదవడమే. "ఫార్మాట్ చేయాలా" అని విండోస్ అడిగితే వద్దనండి, ఆ మెసేజీకి ఓకే కొట్టి పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. ఫైలు బయటికొచ్చాక ఫాంటు పేరు, మొదటి లైను ఎలా కనబడుతోందో దాని ఫోటో ఇక్కడ పెట్టండి. ఆఫీసు కంప్యూటర్ అంటున్నారు కాబట్టి అది అను కాకపోవచ్చు, సీ-డాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ వాళ్ల సాఫ్ట్‌వేర్ అయ్యే అవకాశం ఉంది, దాని దారి వేరే.